ఇంగ్లండ్ పల్లె క్రికెట్ దొరల కాలక్షేపమన్న మాట నిజం కాదు

ఇంగ్లండ్‌లోని పల్లెల్లో, చిన్న పట్టణాల క్లబ్బుల్లో వారాంతాల్లో జరిగే క్రికెట్‌ను గురించి తెలుగువారి వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. అది దొరల కాలక్షేపమని, దానికి స్థాయి లేదని, అందులో ఆటకంటే టీ, శాండ్‌విచ్‌లే ఎక్కువని, చాలాసార్లు ఫలితం కూడా తేలదని, మనబోటి వారికి అక్కడ చోటు లేదని ఆ సందేశం చెబుతుంది. కొన్నేళ్ళుగా వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బౌండరీ పక్కన బల్ల మీద కూర్చుని ఈ ఆటను చూస్తున్నవాడిగా ఈ మాటలకు సమాధానం చెప్పకుండా ఊరుకోలేకపోతున్నాను.

మొదటిది, దొరల కాలక్షేపమన్న మాట. 18వ శతాబ్దంలో హాంప్‌షైర్‌లోని హాంబుల్డన్ క్లబ్బుకు సంపన్నుల అండ ఉన్న సంగతి వాస్తవమే. అయితే ఆ జట్టును మైదానంలో నడిపించిన రిచర్డ్ నైరెన్ ఊళ్ళో సత్రం నడుపుకునే మనిషి. 1777లో ఇంగ్లండ్ జట్టును ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో ఓడించింది అటువంటి వారున్న క్లబ్బే. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతానికి వస్తే దొరల ఊసే ఉండదు. 1850 నాటి చట్టం నూలు మిల్లుల్లో స్త్రీలకు, యువ కార్మికులకు శనివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా పని ఆపాలని నిర్దేశించింది. వారు లేకుండా మగ్గాలు నడవవు కనుక క్రమంగా శనివారం మధ్యాహ్నం అందరికీ తీరిక దొరికింది, ఆ తీరికలోనే మిల్లు పట్టణాల క్రికెట్ పెరిగింది. నెల్సన్, బర్న్‌లీ, అక్రింగ్టన్, బేకప్ వంటి పట్టణాల క్లబ్బులతో 1892లో లాంకషైర్ లీగ్ మొదలైంది. ఎవరైనా అర్ధశతకం కొడితే ప్రేక్షకుల మధ్య పెట్టె తిప్పి చిల్లర పోగుచేసి ఆ ఆటగాడికి ఇచ్చే ఆచారం ఇక్కడ వేళ్ళూనుకుంది. తన వారం కూలిలోంచి ఒక నాణెం తీసి మంచి ఆటకు వెలకట్టిన నేత కార్మికుడిని దొర అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

స్థాయి లేదన్నవారికి ఒక్క సంఘటన గుర్తు చేస్తాను. 1952లో భారత జట్టు ఇంగ్లండ్ పర్యటనకు వచ్చేనాటికి మన ఆల్‌రౌండర్ వినూ మన్కడ్ లాంకషైర్ లీగ్‌లోని హాస్లింగ్డెన్ క్లబ్బుతో ఒప్పందంలో ఉన్నాడు, అందువల్ల పర్యటన జట్టులో లేడు. లీడ్స్‌లో తొలి టెస్టు ఓడిపోయాక మనవాళ్ళు ఆ క్లబ్బును ఒప్పించి అతణ్ణి లండన్‌లోని లార్డ్స్ మైదానంలో జరిగే రెండో టెస్టుకు పిలిపించుకున్నారు. అక్కడ అతడు 72, 184 పరుగులు చేసి, 73 ఓవర్లు బౌలింగ్ వేసి 196 పరుగులకు 5 వికెట్లు తీశాడు. మన దేశం ఆ టెస్టు ఓడినా అది మన్కడ్ టెస్టుగానే చరిత్రలో నిలిచింది. లాలా అమర్‌నాథ్, కపిల్ దేవ్ నెల్సన్‌కు, వివియన్ రిచర్డ్స్ అదే లీగ్‌లోని రిష్టన్‌కు ఆడారు. నేటితరంలో జేమ్స్ ఆండర్సన్ బర్న్‌లీ క్లబ్బు నుంచి, బెన్ స్టోక్స్ కంబ్రియాలోని కాకర్‌మత్ క్లబ్బు నుంచి పైకి వచ్చినవారే.

ఇక టీ సంగతి, ఫలితం తేలకపోవడం. ఈ రెండింటినీ నేను కలిపే మాట్లాడాలి, ఎందుకంటే పాతపద్ధతి పల్లె ఆటలో అవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఓవర్ల పరిమితి లేని ఆదివారపు స్నేహపూర్వక మ్యాచ్‌లో మొదట బ్యాటింగ్ చేసిన జట్టు సాధారణంగా టీ వేళకు డిక్లేర్ చేస్తుంది, అంటే తన ఇన్నింగ్స్‌ను తానే ముగిస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఎదుటివారు గెలుపు మీద ఆశ వదులుకుని వికెట్లు కాపాడుకుని డ్రా చేసుకోవడానికే ఆడతారు, తొందరపడితే మ్యాచ్‌ను చేతులారా ఇచ్చినట్టవుతుంది. లోపల బల్లల మీద కీరదోస శాండ్‌విచ్‌లు, కేకులు సర్దుతుండగా ఆ కెప్టెన్ మనసులో నడిచే లెక్క బయట కూర్చున్న పాతకాపులందరికీ తెలుసు, వారూ అదే లెక్క వేసుకుంటూ ఉంటారు. సాయంత్రం ఏడు గంటల వేళ తొమ్మిది వికెట్లు పడిపోయి, చుట్టూ ఫీల్డర్లు మూగి ఉండగా, బ్యాటింగ్ అంతగా రాని పదకొండో ఆటగాడు చివరి రెండు ఓవర్లు కాచుకోవడం చూసినవారు డ్రాను ఫలితం కాదని అనలేరు. అంపైర్లు విడిగా లేనిచోట బ్యాటింగ్ జట్టువారే తెల్లకోటు తొడుక్కుని నిలబడతారు, అవసరమైతే తమ సహచరుడినే ఎల్బీడబ్ల్యూగా ఔటని వేలెత్తి చెప్పాలి. ఆ వేలు పైకి లేచిన క్షణంలో మైదానమంతా ఆవరించే నిశ్శబ్దాన్ని నేను ఏ పెద్ద స్టేడియంలోనూ అనుభవించలేదు. మ్యాచ్ నడుస్తుండగానే బౌండరీ చుట్టూ నడిచిరావడం ఇక్కడి ప్రేక్షకుల అలవాటు. బౌలర్ చేతికి వెనకవైపు వచ్చినప్పుడు మాత్రం ఓవర్ ముగిసేదాకా ఆగుతారు. ఈ మర్యాదను నాకెవరూ నేర్పలేదు, ముందు నడిచే పెద్దాయన ఆగితే నేనూ ఆగాను. కోవిడ్ తరువాత కొన్ని లీగుల్లో టీ ఇవ్వడం తప్పనిసరి కాకుండా పోయింది, ఎవరి డబ్బా వారు తెచ్చుకుంటున్నారు. టీ ఎక్కువైందని వెక్కిరించేవారికి ఈ సంగతి తెలియదేమో కాని, నాకు మాత్రం ఇది నిజమైన లోటు.

మనకు చోటు లేదన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. ఇంగ్లండ్ క్రికెట్‌లో జాతివివక్ష, స్త్రీల పట్ల వివక్ష, వర్గభేదం విస్తృతంగా ఉన్నాయని 2023లో స్వతంత్ర కమిషన్ నివేదిక తేల్చింది, అక్కడి క్రికెట్ బోర్డు క్షమాపణ చెప్పింది. అయినా ఆ దేశంలో సరదాకు క్రికెట్ ఆడేవారిలో సుమారు మూడో వంతు దక్షిణాసియా మూలాలున్నవారే. శనివారం నేను చూసే స్కోరు పుస్తకంలో పటేల్, ఖాన్, రెడ్డి పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. వివక్ష ఉందని చెప్పడం వేరు, చోటే లేదని చెప్పి మనవాళ్ళను గేటు బయటే ఆపేయడం వేరు. కరీబియన్ దీవి ట్రినిడాడ్ నుంచి వచ్చిన నల్లజాతి ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ 1929 నుంచి తొమ్మిది సీజన్లు నెల్సన్‌కు ఆడి, ఆ క్లబ్బుకు ఏడుసార్లు లీగ్ టైటిల్ సాధించిపెట్టాడు. 1943లో లండన్‌లోని ఒక హోటల్ అతని రంగు కారణంగా బస నిరాకరిస్తే కోర్టుకెళ్ళి గెలిచాడు. 1969లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభకు నియమితుడైన తొలి నల్లజాతి సభ్యుడయ్యాక తన బిరుదులో రెండు ఊళ్ళ పేర్లు చేర్చుకున్నాడు: ఒకటి ట్రినిడాడ్‌లోని మరవాల్, రెండోది నెల్సన్.