పిల్లల భద్రత పేరుతో టీచర్లపై అనుమానం: ఒక ఫార్వర్డ్‌కు జవాబు

“గే, లెస్బియన్ అని బాహాటంగా చెప్పుకునేవారినీ, ట్రాన్స్‌జెండర్లనూ బడుల్లో టీచర్లుగా ఉంచకూడదు, పిల్లలున్న ప్రతి ఒక్కరూ దీన్ని పదిమందికి పంపండి” అనే సందేశం మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. బాగా చదువుకున్న మిత్రులు, వారిలో కొందరు ఉపాధ్యాయులు కూడా, అందులోని ఒక్క వాక్యాన్నీ సరిచూసుకోకుండా నాకు పంపుతూనే ఉన్నారు. అందులోని వాదనలన్నీ ఒకే స్థాయివి కావు కనుక అన్నింటికీ ఒకే తీరున జవాబు చెప్పను.

మొదటి వాదన: స్వలింగ సంపర్కం పాశ్చాత్యుల నుంచి వచ్చిన అలవాటట. దీన్ని నేరంగా 1860లో మన శిక్షాస్మృతిలో రాసినవారే ఆంగ్లేయులు. అంగీకారంతో కలిసే వయోజనుల విషయంలో అది నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది మన సుప్రీంకోర్టు. ఇక రెండోది, టీచరును చూసి పిల్లలూ అలాగే తయారవుతారన్న మాట. మన దేశంలోని గే, లెస్బియన్ మనుషుల్లో దాదాపు అందరూ అమ్మానాన్నల మధ్య పెరిగి, పెళ్లిళ్లయిన మాస్టార్ల దగ్గర చదువుకున్నవారే. చూసి నేర్చుకునేదే అయితే వారు ఉండనే కూడదు.

అసలు విషం మూడో వాదనలో ఉంది: ఇలాంటివారి దగ్గర పిల్లలకు రక్షణ లేదట. ఈ అనుమానం కొత్తది కాదు. మన హైదరాబాద్‌లోనే ఒకప్పుడు చట్టంగా చెలామణి అయింది. నిజాం కాలంలో, ఫస్లీ 1329లో, అంటే 1919లో వచ్చిన యూనక్స్ చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయించింది, వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది, వారి ఇంట్లో పదహారేళ్లలోపు మగపిల్లవాడు కనిపిస్తే జైలుకు పంపవచ్చని చెప్పింది. ఎవరికైనా హాని జరిగిందా అని అడగవలసిన పని లేదు, అనుమానమే సరిపోయేది. ఆ చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. కోర్టు చెత్తబుట్టలో వేసిన దాన్నే ఈ ఫార్వర్డ్ ఏరుకొచ్చి మన పిల్లల పేరు తగిలించింది.

పిల్లలకు హాని ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఈ సందేశం రాసినవారికి ఉంటే, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని తెరిచి ఉండేవారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో పిల్లలను అడిగితే, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53.22 శాతం మంది చెప్పారు. వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు. బంధువు, పొరుగువాడు, ట్యూషన్ మాస్టారు, అందరి దగ్గరా మర్యాదస్తుడిగా పేరున్న పెద్దమనిషి, వీళ్లలో ఎవరైనా కావచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలనూ మగపిల్లలనూ సమానంగా కాపాడుతుంది, నేరస్థుడు ఏ లింగానికి ఆకర్షితుడో అడగదు, నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయనివారిని కూడా శిక్షిస్తుంది. ఒక గే టీచరును వేలెత్తి చూపించి “ప్రమాదం అటుంది” అంటే, ఇటువైపు ఉన్నవాడికి అంతకన్నా మంచి రక్షణ ఏముంటుంది? పరువు పోతుందని ఫిర్యాదును తొక్కిపెట్టే యాజమాన్యాల మీద ఈ సందేశంలో ఒక్క ముక్క కూడా లేదే! పిల్లల మీద ప్రేమ అంటే ఇదేనా?

నాలుగోది పైకి మర్యాదగా వినిపిస్తుంది: “ఇంట్లో ఏమైనా చేసుకోండి, బడిలో ఎందుకు చెప్పాలి?” కొత్త టీచరు క్లాసులో అడుగుపెట్టగానే ఆరో తరగతి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న “సార్, మీకు పెళ్లయిందా?” అన్నదే. తక్కిన మాస్టార్లు నవ్వుతూ భార్య ఊరూ ఉద్యోగమూ చెప్పేస్తారు, స్టాఫ్ రూమ్‌లో పెళ్లిరోజు స్వీట్లు పంచుతారు. దాన్ని ఎవరూ ప్రచారం అనరు. పోనీ, నోరు మెదపకుండా ఇంటికే పరిమితమైతే ఏమవుతుందో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించిన ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ విషయంలో దేశమంతా చూసింది. 2010 ఫిబ్రవరిలో ఆయన మరో పురుషుడితో ఉండగా కొందరు కెమెరాలు పట్టుకుని ఆయన ఇంట్లోకే చొరబడ్డారు. విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది ఆయననే. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది, వారం తిరగకుండానే ఆయన తన ఇంట్లో చనిపోయి కనిపించారు. ఇంట్లో ఏమైనా చేసుకోమని చెప్పేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి.

చివరి వాదన, ఇలాంటివారిని తీసేస్తే చట్టం అడ్డురాదన్నది. ట్రాన్స్ టీచర్ల విషయంలో ఇది పచ్చి అబద్ధం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు తెచ్చిన 2019 చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. ఉద్యోగం ఇస్తామని చెప్పి, ట్రాన్స్ మహిళ అని తెలిశాక వెనక్కి తగ్గిన గుజరాత్‌లోని ఒక పాఠశాల ఆమెకు నష్టపరిహారం చెల్లించాలని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కానీ గే, లెస్బియన్ టీచర్ల విషయంలో ఈ సందేశం చెప్పినదాంట్లో నిజముందని ఒప్పుకోక తప్పదు. ప్రభుత్వ బడిలో పనిచేసేవారు రాజ్యాంగంలోని సమానత్వ హక్కును పట్టుకుని కోర్టుకు వెళ్లగలరు. ప్రైవేటు బడి యాజమాన్యం ఏదో ఒక సాకు చెప్పి గే టీచరును తీసేస్తే, ఆ వివక్షను పేరుపెట్టి నిషేధించే కేంద్ర చట్టం మనకు లేదు. మన పట్టణాల్లో ఎంతోమంది టీచర్లు పనిచేసేది ప్రైవేటు బడుల్లోనే, చాలామందికి చేతిలో సరైన నియామక పత్రం కూడా ఉండదు. తోటి టీచరుకు చట్టంలో ఆసరా లేదని తెలిసిన ఉపాధ్యాయ సంఘాలు ఆ ఆసరా కోసం ప్రభుత్వాన్ని అడగాలి. ఈ సందేశాన్ని ముందుకు పంపుతున్న టీచర్లలో చాలామంది ఆ సంఘాల సభ్యులే.