దత్తపదిలో రూట్ కెనాల్

తెలుగు ఎమ్మే చదివి ఏం పీకుతావని రెండేళ్లుగా అడుగుతున్న మా మేనత్తకు ఈ వ్యాసం సవినయంగా అంకితం.

యూనివర్సిటీ చదువు ఉద్యోగంలో ఎందుకూ కొరగాదని పెద్దలు వాపోతుంటారు. శుద్ధ అపోహ. మాదాపూర్‌లో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో నాలుగు నెలలు కంటెంట్ రైటింగ్ ఇంటర్న్‌గా వెలగబెట్టిన అనుభవంతో చెబుతున్నాను: నేర్చుకున్న ప్రతి ముక్కా పనికొచ్చింది. మా మాస్టార్లు ఊహించని చోట పనికొచ్చింది, అంతే తేడా.

మొదటిరోజు మా టీమ్ లీడ్, నాకంటే రెండేళ్లు చిన్నవాడు, “బ్రో” అని ఆప్యాయంగా పిలిచి ఒక షీటు పంపాడు. కూకట్‌పల్లిలో ఒక పళ్ల డాక్టరుగారి వెబ్‌సైటుకు 800 పదాల వ్యాసం కావాలి. అందులో ‘రూట్ కెనాల్ ఖర్చు’, ‘కూకట్‌పల్లిలో డెంటిస్ట్’, ‘నొప్పి లేని చికిత్స’, ‘ఈఎంఐ సౌకర్యం’ అనే మాటలు తప్పకుండా రావాలి. పక్క సీట్లోని బీటెక్ ఇంటర్న్‌లు బిక్కమొహాలు వేశారు. నాకు మాత్రం పరాయి ఊళ్లో చుట్టం కనబడినట్టయింది. ఇది అవధానంలోని దత్తపది కాక మరేమిటి? ప్రశ్నలడిగే పృచ్ఛకుడు పొంతనలేని నాలుగు మాటలు విసిరి, వాటితో మహాభారత కథార్థంలో పద్యం చెప్పమంటాడు. అయితే ఒక్కో మాటా మూడేసిసార్లు రావాలని ఏ పృచ్ఛకుడూ అడగడు. అవధానాల్లో అంత దౌర్జన్యం లేదు.

సమాచారం కోసమని టీమ్ లీడ్ ఇచ్చిన ఇంగ్లీషు పేజీ తెలుగు అనువాదంలో రూట్ కెనాల్ ‘మూల కాలువ’ అయి కూర్చుంది. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. కాలువకు ఈఎంఐ ఉంటుందని అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి నిషిద్ధాక్షరి, అంటే అవధానంలో ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడే అంశం, మొదలైంది. ‘నొప్పి’ అనే మాట వ్యాసంలో ఎక్కడా కనబడకూడదని డాక్టరుగారు కబురంపారు. పేషెంట్లు జడుసుకుంటారట.

“నొప్పి తీసేస్తే ‘లేని చికిత్స’ మిగులుతుంది బ్రో,” అన్నాను.

టీమ్ లీడ్ కాసేపు సీలింగు చూశాడు. “నువ్వే ఏదో ఒకటి చెయ్ బ్రో. నీది తెలుగే కదా!”

‘సుఖదంత చికిత్స’ అని సమాసం కట్టాను. ఇది ఆయుర్వేదమా అని డాక్టరుగారు అడిగారు.

అవధానిని పక్కదారి పట్టించే అప్రస్తుత ప్రసంగానికి ఆఫీసులో లోటేముంటుంది? మూడో పేరాలో చిగుళ్ల వాపు గురించి తీవ్రంగా రాస్తుంటే, బిర్యానీ ఆర్డర్‌లో నీ వాటా 240 అని ఒకరు, శుక్రవారం అందరూ పసుపు చొక్కా వేసుకురావాలని హెచ్‌ఆర్ మేడం. ఇక చాట్ ‘టింగు’మన్నప్పుడల్లా లెక్కపెట్టుకోవడం ఘంటాగణనం. అవధానికి చివర్లో శాలువా కప్పుతారు. నాకు ముందే మెడలో ట్యాగు వేశారు, న్యాయంగానే ఉంది.

ఛందస్సు మాత్రం కొంచెం దెబ్బతీసింది, దాచను. శీర్షిక 60 క్యారెక్టర్లు దాటితే పెట్టెకు ఎర్రగీత పడుతుంది. ‘స్త్రీల దంత సంరక్షణ’ అని మొదలుపెట్టానో లేదో అంకెలు పరుగెత్తాయి. మేం చదివిన లెక్కలో ‘స్త్రీ’ ఒక్క అక్షరం, ఒక గురువు, రెండు మాత్రలు. కంప్యూటరు లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. కంప్యూటరుకు ఒత్తులంటే ఇంత కక్ష ఎందుకో! చివరికి స్త్రీలను తీసేసి ‘ఆడవారి పళ్లు’ అని పెట్టాను. ఎర్రగీత పోయింది. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఆత్మ ఆ సాయంత్రం మెట్రోలో హైటెక్ సిటీ నుంచి అమీర్‌పేట దాకా నా పక్కనే నిలబడి వచ్చినట్టనిపించింది. మాట్లాడలేదు.

అయినా సూరిగారి రుణం తీరేది కాదు. స్టైపెండ్ సంగతి అర్థమైంది ఆయన వల్లనే. వ్యాకరణంలో ‘బహుళం’ అని ఒక మాట ఉంది. ఒకచోట నిత్యంగా జరుగుతుంది, ఒకచోట జరగనే జరగదు, ఒకచోట జరిగితే జరుగుతుంది లేకపోతే లేదు, ఇంకోచోట అసలు వేరేదే జరుగుతుంది. పరీక్షకు బట్టీపట్టానేగానీ, బుర్రకెక్కలేదు. మొదటినెల స్టైపెండ్ ఒకటో తారీకున పడింది: నిత్యం. రెండోనెల పడలేదు: నిషేధం. మూడోనెల “చూద్దాం బ్రో” అన్నారు: వైకల్పికం. తోటి ఇంటర్న్‌లు హెచ్‌ఆర్ మేడం మీద గొంతు చించుకుంటుంటే, నేను మాత్రం సూత్రం తెలిసినవాడిగా నిబ్బరంగా నాలుగోనెల అన్యకార్యం కోసం ఎదురుచూశాను.

వచ్చింది. కవరులో చెక్కు లేదు. కూకట్‌పల్లి డాక్టరుగారి కూపన్ ఉంది, రూట్ కెనాల్ మీద 20 శాతం తగ్గింపు, నెలాఖరు దాకా చెల్లుతుంది. కింద చిన్నక్షరాల్లో ‘సుఖదంత చికిత్స’ అని నా సమాసమే అచ్చేశారు.

పళ్లు చూస్తే ఇంకా గట్టిగానే ఉన్నాయి. మేనత్తకేమైనా పనికొస్తుందేమో అడగాలి.