తుప్పు పట్టుటపై ఒక పరిశీలన

విశాఖ మద్దిలపాలెంలో నా స్కూటర్ బాగుచేసే మెకానిక్ ఫుట్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, వేళ్లకంటిన ఎర్రటి పొడి చూపించి, "బీచ్ పక్కన పెట్టిన బండి బాబూ, తుప్పట్టక ఏటవుద్ది?" అన్నాడు. అతనికి పది సెకన్లు పట్టింది. ఇదే మాట పరిశోధన పేపరుగా రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. చదువుకున్నవాడికీ లేనివాడికీ ఆ మాత్రం తేడా ఉండాలి.

నా పరిశోధన సముద్రపు గాలికి ఉక్కు తుప్పు పట్టడం మీద. చిన్న ఉక్కు బిళ్లల్ని తూచి, ఆర్కే బీచ్ దగ్గర ఒక డాబా మీద వేలాడదీసి, కొన్ని నెలలయ్యాక తుప్పు కడిగి మళ్లీ తూచాలి. వీటిని కూపన్లంటారు, డిస్కౌంటేమీ రాదు. గాలిలో వచ్చిన ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుంది, అందులోని క్లోరైడు తుప్పును ఎగదోస్తుంది. మొదటి డ్రాఫ్టులో ఇంతే రాశాను. గైడ్ సార్ చదివి, కళ్లజోడు తీసి, "ఇది అందరికీ అర్థమైపోతోందయ్యా" అన్నారు బాధగా.

అక్కడ మొదలైంది అసలు చదువు. "బిళ్లలు తూచాను" అనకూడదు, "తూచబడినవి" అనాలి. ఎండలో డాబా మెట్లెక్కి మాడినవాడు శాస్త్రానికి అడ్డు. "తుప్పు పట్టింది" అనీ అనకూడదు. బిళ్ల చేతిలో పొడి రాలుతున్నా సరే, "పట్టి ఉండవచ్చునని ఫలితాలు సూచిస్తున్నవి" అనాలి. నాలుగు బిళ్లలు ఈదురుగాలికి ఎగిరి ఎవరింట్లోనో పడ్డాయి. అవి "విశ్లేషణలో చేర్చబడలేదు".

తర్వాత కాపీ పరీక్ష. యూనివర్సిటీలకు రూల్సు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే దిద్ది మళ్లీ ఇవ్వాలి. సార్ పేపరుకూ అదే గీత గీశారు. ఉప్పునీళ్లు చల్లి తుప్పు పట్టించి చూసే సాల్ట్ స్ప్రే టెస్టులో 5 శాతం ఉప్పునీళ్లు, 35 డిగ్రీల వేడి అని రాశాను. లోకంలో అందరూ అలాగే చేస్తారు, అలాగే రాస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ వాక్యాన్ని ఎర్రగా పూసింది. ఉప్పు 6 శాతం చేసెయ్యమని రూమ్మేట్ సలహా. నిజం చెప్పాలంటే, ఒక రాత్రంతా ఆలోచించాను కూడా.

థీసిస్ ఇవ్వడానికి పేపరు తప్పనిసరి కాదని 2022లో యూజీసీయే అంది. ఆ మాట సార్ దగ్గర ఎత్తాను, ఒక్కసారే.

పేపరును పరిశోధన పత్రికకు పంపిన ఏడు నెలలకు రివ్యూ, అంటే ఆ రంగంలో వాళ్లు చదివి చెప్పిన అభిప్రాయం, వచ్చింది. ఒకాయన "ఇందులో కొత్తదనమేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే, మెకానిక్‌ను అడగాలి. రెండో ఆయన సముద్రానికి దూరంగా కూడా బిళ్లలు వేలాడదీసి పోల్చమన్నారు. 1936లో ఐన్‌స్టీన్ పేపరును ఒక పత్రిక ఇలాగే రివ్యూకు పంపితే, ఆయనకు ఒళ్లు మండి వెనక్కి తీసేసుకున్నాడు. ఆయనకు ఫెలోషిప్ టెన్షన్ లేదు మరి.

నేను కొత్త బిళ్లలు సంచిలో వేసుకుని, సముద్రానికి దూరంగా ఉన్న పెందుర్తి బయల్దేరాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక ఫుట్‌బోర్డు ఊడి నా కుడికాలు రోడ్డు మీద ఆనింది. బండి తోసుకుంటూ గైడ్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన పాపం కంగారుపడ్డారు.

"అయ్యయ్యో! కొన్నప్పుడు తూచి పెట్టుకున్నావా?"