డెబిట్ కార్డుపై ఓవర్‌డ్రాఫ్టు: మన పిల్లల చేత ముందే ‘వద్దు’ అనిపిద్దాం

ఖాతాలో డబ్బు చాలకపోయినా బ్యాంకు చెల్లింపు జరిపేసి, అందుకు రుసుము వేయడమే ఓవర్‌డ్రాఫ్టు. ఆ రుసుముకు కళ్లెం వేసే నిబంధనను రద్దు చేస్తూ 2025 మే 9న అధ్యక్షుడు ట్రంప్ చేసిన సంతకం మన ఇళ్లలో పెద్దగా చర్చకు రాలేదు. వీసాల వార్తల హోరులో అది కొట్టుకుపోయింది. కానీ అమెరికాలో పెద్ద బ్యాంకుల్లో ఖాతా ఉన్న చాలామందికి, ముఖ్యంగా కొత్తగా వచ్చిన మన విద్యార్థులకు, ఆ సంతకం వల్ల నష్టం జరిగింది.

వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 డిసెంబరులో ఒక నిబంధన తెచ్చింది. వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఆస్తులున్న బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్టుకు 5 డాలర్లకు మించి తీసుకోకూడదు. కాదంటే తమకు నిజంగా అయ్యే ఖర్చు మేరకే తీసుకోవాలి. అదీ కాదంటే దాన్ని అప్పుగా ఒప్పుకుని, మిగతా అప్పుల్లాగే వడ్డీ రేటు బయటపెట్టాలి. ప్రజలకు ఏటా 500 కోట్ల డాలర్లు మిగులుతాయని ఆ సంస్థ లెక్కగట్టింది. 2025 అక్టోబరు 1న అమలు కావలసిన ఆ నిబంధనను సెనేట్ 52-48 ఓట్లతో, ప్రతినిధుల సభ 217-211 ఓట్లతో ముందుగానే రద్దు చేశాయి. ఇలా రద్దయిన నిబంధనను దాదాపు అదే రూపంలో మళ్లీ తేవాలంటే కొత్త చట్టం చేయాల్సిందే. కాబట్టి ఇప్పట్లో తిరిగి వస్తుందన్న ఆశ నాకు లేదు.

మా ఊరి విశ్వవిద్యాలయంలో ఎంఎస్ చదువుతున్న ఒక అమ్మాయి ఆమధ్య తన ఫోనులో బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి చూపించింది. ఒకే రోజు మూడు కొనుగోళ్లు: కాఫీ 4 డాలర్లు, పాలు, బ్రెడ్డు 11 డాలర్లు, జలుబు మందు 8 డాలర్లు. ఒక్కోదానికి 35 డాలర్ల చొప్పున రుసుము. 23 డాలర్ల సరుకుకు 105 డాలర్ల జరిమానా! మర్నాడే క్యాంపస్ ఉద్యోగం జీతం ఖాతాలో పడింది. “అంకుల్, డబ్బు లేకపోతే కార్డు ఆగిపోవాలి కదా, ఎందుకు ఆగలేదు?” అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర మామూలు పొదుపు ఖాతాలో డబ్బు లేకపోతే కార్డు చెల్లింపు ఆగిపోతుంది. అదే అలవాటుతో వచ్చిన పిల్లలకు ఇక్కడ కార్డు పనిచేయడమే ప్రమాదమని ఎలా తెలుస్తుంది?

ఆ అమ్మాయి ఖాతా తెరిచిన రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టింది. చిక్కంతా అక్కడే ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తెచ్చిన నియమం ప్రకారం 2010 నుంచి ఏటీఎం లావాదేవీలకు, ఒక్కసారికి చేసే డెబిట్ కార్డు కొనుగోళ్లకు ఖాతాదారు ముందుగా ఒప్పుకుంటే తప్ప ఓవర్‌డ్రాఫ్టు రుసుము వేయకూడదు. ఆ నియమం ఇంకా బతికే ఉంది. ఒప్పుకోని వారికి తక్కువ రకం ఖాతా ఇవ్వకూడదని కూడా అందులో ఉంది. ఒకసారి ఒప్పుకున్నా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అయితే భాష, యాస, తొందర, కౌంటరు దగ్గర మొహమాటం అన్నీ కలిసి “ఇది మీ రక్షణ కోసమే” అన్న మాటకు తలూపేలా చేస్తాయి. ఇందులో పిల్లల అమాయకత్వం కంటే అడిగే పద్ధతిదే ఎక్కువ తప్పు. ఖాతాదారులను చట్టవిరుద్ధంగా ఇందులో చేర్చినందుకు టీడీ బ్యాంకుపై 2020లో అదే రక్షణ సంస్థ చర్య తీసుకుంది. పరిహారం, జరిమానా కలిపి ఆ బ్యాంకు 12 కోట్ల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది.

రుసుము లేకపోతే అవసరానికి ఆదుకునేవారు ఉండరని, జనం అధిక వడ్డీ వ్యాపారుల పాలవుతారని బ్యాంకులు వాదిస్తాయి. ఈ వాదన నాకు రుచించదు. డెబిట్ కార్డు ఓవర్‌డ్రాఫ్టు రుసుముల్లో ఎక్కువ భాగం 24 డాలర్లు, అంతకంటే తక్కువ కొనుగోళ్లపైనే పడుతున్నాయని, చాలామంది మూడు రోజుల్లోపే తిరిగి జమచేస్తున్నారని రక్షణ సంస్థ 2014లో తేల్చింది. 24 డాలర్లు మూడు రోజులు వాడుకున్నందుకు 34 డాలర్లు కట్టడాన్ని వార్షిక వడ్డీగా లెక్కిస్తే 17 వేల శాతం దాటుతుంది. ఏ కాల్‌మనీ వ్యాపారి ఇంత అడిగాడు? పైగా ఈ రుసుము లేకుండా బ్యాంకులు బతకగలవని బ్యాంకులే చూపించాయి. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకు 2022లో దాన్ని పూర్తిగా ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా 35 డాలర్ల నుంచి 10కి తగ్గించింది. ఏ సంస్థా కుప్పకూలలేదు.

చట్టం చేతులెత్తేసిన చోట మన తెలుగు సంఘం పూనుకోవాలి. ప్రతి ఆగస్టులో కొత్త విద్యార్థుల కోసం మనం సమావేశాలు పెడుతున్నాం. విమానాశ్రయం నుంచి తీసుకురావడం, అద్దె ఇల్లు వెతకడం, ఫోను కనెక్షను ఇప్పించడం, అన్నీ చేస్తున్నాం. బ్యాంకు మాట మాత్రం ఎత్తం. ఈసారి ఒక అరగంట దానికి కేటాయించాలని కార్యవర్గాన్ని గట్టిగా కోరుతున్నాను. ఇంటి నుంచి రావాల్సిన డబ్బు, విద్యారుణం వాయిదా ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే చాలు, వీళ్ల ఖాతా సున్నాకు చేరుతుంది. క్యాంపస్‌లో తరగతులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడని పిల్లలకు 105 డాలర్లు చిన్న మొత్తం కాదు.

ఒక జాగ్రత్త కూడా అక్కడ తప్పకుండా చెప్పాలి. కార్డుకు ‘వద్దు’ అని చెప్పినంత మాత్రాన అన్నీ ఆగవు. చెక్కులు, ఖాతా నుంచి నేరుగా వెళ్లే అద్దె, నెలనెలా కార్డు మీద తీసుకునే చందాలు ఆ నియమం కిందికి రావు. వాటి మీద రుసుము పడవచ్చు. అందుకే అద్దె కట్టే తేదీని జీతం పడే తేదీకి తర్వాత పెట్టుకోవాలి, నిల్వ తగ్గితే ఫోనుకు సందేశం వచ్చేలా పెట్టుకోవాలి. అసలు ఓవర్‌డ్రాఫ్టే లేని ఖాతాలు కూడా చాలా బ్యాంకుల్లో ఉన్నాయి. అలాంటి ఖాతాలకు ఇచ్చే ‘బ్యాంక్ ఆన్’ గుర్తింపు పొందిన ఖాతా ఏదైనా ఉందా అని అడిగితే చూపిస్తారు.

ఆ అమ్మాయి చేత మర్నాడే బ్యాంకుకు ఫోను చేయించాను. కార్డు ఓవర్‌డ్రాఫ్టు తీసేశారు. మూడు రుసుముల్లో రెండు వెనక్కి ఇచ్చారు. మూడోది ఎందుకు ఇవ్వరని అడిగితే అది తమ విధానమన్నారు. ఆ విధానం ఎక్కడ రాసి ఉందో రాతపూర్వకంగా చూపించమని ఉత్తరం పెట్టాం.