బస్తాలోకి చేరని ఘాటు

వానలు పడ్డాయంటే గొల్లపూడి హోల్‌సేల్ కొట్ల నుంచి గుంటూరు సందుల్లోని కిరాణా షాపుల దాకా బియ్యం, రవ్వ, పిండి, వేరుశనగ పప్పు గూళ్లు కట్టడం మొదలవుతుంది. బియ్యపు చిలుక అనే రెక్కల పురుగు, దాని గొంగళి పని ఇది. పురుగు తినేది కొంతే. గింజల్ని దారాలతో ముద్దలు చేసి, రెట్టతో పాడుచేసేదే ఎక్కువ.

గోదాముల్లో దీనికి వాడుతున్నది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలో తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. ఖర్చు తక్కువ, బస్తా నడిమధ్య దాకా చొచ్చుకుపోతుంది. ఓజోన్ పొరకు చేటని మరో గోదాము వాయువు మిథైల్ బ్రోమైడ్‌ను 2015 నాటికి వర్ధమాన దేశాల్లోనూ, క్వారంటైన్, ఎగుమతి అవసరాలకు తప్ప, ఆపేశాక భారం ఫాస్ఫీన్ మీదే పడింది. కప్పిన పట్టాకు చిల్లులుంటే వాయువు కారిపోతుంది, చాలీచాలని మోతాదుకు బతికిన పురుగుల సంతతి మందుకు లొంగదు. మనుషుల ప్రాణాలు తీసే ఈ బిళ్ళలు ఇంటి బియ్యం డబ్బాలోకి రానే కూడదు.

అందుకే యూకలిప్టస్, లవంగ, వాము నూనెల మీద ఆశ పుట్టింది. గాదెల్లో వేపాకు, వావిలాకు వేసిన ప్రాంతానికి ఇదేమంత వింత కాదు. నూనె ఆవిరిలోని సినియోల్, యూజినాల్, థైమాల్ అనే ఘాటు పదార్థాలు శ్వాసరంధ్రాల గుండా వెళ్లి పురుగు నరాలను దెబ్బతీస్తాయి. మూత బిగించిన సీసాలో రెక్కల పురుగు త్వరగానే చస్తుంది. గుడ్లు, ప్యూపాలు (గూటిలో ఉన్న దశ) మాత్రం మొండివి. గోదాములో చిక్కు ఇంకా పెద్దది. పైనున్న గింజలే ఆవిరిని పీల్చేసుకుంటాయి, లోపలి బస్తాకు అందదు. పైగా వాసన అంటుకుంటుంది. లవంగం వాసన కొట్టే బియ్యాన్ని పులావుకు తప్ప దేనికి కొంటారు? మొక్క రకాన్ని, కోత కాలాన్ని బట్టి నూనె ఘాటూ మారుతుంది.

కాబట్టి 'సహజం' అన్న లేబుల్ చూసి వ్యాపారులు సీసాలు కొనేయడం తొందరపాటు. నూనెలను ముందుగా పరీక్షించాల్సింది విత్తనాల డబ్బాల్లో, గాలి చొరని చిన్న సంచుల్లో. మొలక శాతం తగ్గకపోతే విత్తనానికి వాసనతో పేచీ లేదు. లాం వ్యవసాయ విశ్వవిద్యాలయం, బాపట్ల పోస్ట్ హార్వెస్ట్ (కోతానంతర) కేంద్రం ఈ పరీక్షలను సీసాల్లో కాక అసలు బస్తాల మీద, మన కోస్తా ఉక్కలో చేయాలి. పురుగులకు కరవు లేదు, పైరు పురుగుల గుడ్లను చంపే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగను దీని గుడ్ల మీద పెంచడానికి ల్యాబుల్లో ఈ చిలుకనే పెంచుతారు! ఈ పరీక్షలకు డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి. నెగ్గిన నూనె 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్టరై, మోతాదు తెలుగులో అచ్చయ్యాకే కొట్లోకి రావాలి. ఈలోగా గోదాము యజమానులు మూలల్లోని పాత నూక ఊడ్పించి, పట్టాల చిల్లులకు అతుకులు వేయించాలి.