పట్టా సీడీలు, కౌలు డౌన్‌లోడ్లు

మొన్న ఉగాదికి ఊరెళ్లి గట్టు మీద నడుస్తుంటే నా యావదాస్తి గాలికి ఊగుతూ కనబడింది. ఇందుకూరుపేట వైపు మాకు ఎకరంన్నర మాగాణి ఉంది. చేను కంకి మీదుంది. పిట్టలు వాలకుండా మా నాయన చుట్టూ కర్రలు పాతి, పురికొసతో సీడీలు వేలాడగట్టాడు. ఎండకి జిగేల్మంటున్నాయి. దగ్గరికి పోయి ఒకదాన్ని తిప్పి చూస్తే మార్కరుతో నా చేతిరాత: ‘వైస్ సిటీ. క్రాక్ లోపల ఉంది. ఎవరికీ ఇవ్వొద్దు.’

“నాయనా, ఇవి నా గేములు!” అన్నాను.

“అటక మీద ఇరవై ఏళ్లు ఊరికే కూర్చున్నాయి. ఇప్పటికి పనిలోకొచ్చినాయి,” అన్నాడు. ఆ మాట సీడీల గురించేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

వీడియో గేముల గురించి దేశంలో ఎవరెవరో రాస్తున్నారు. వాళ్లకి భూమి తగాదాలు తెలియకపోవడం వల్లే అసలు విషయం బయటికి రావడం లేదు. మా నెల్లూరోళ్లకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సీడీ అంటే పట్టా. డౌన్‌లోడ్ అంటే కౌలు.

పట్టా ఉన్నవాడు దున్నుకుంటాడు, తాకట్టు పెడతాడు, కూతురికి రాసిస్తాడు, ఎవరి మీదో కోపమొస్తే బీడు పెట్టుకుంటాడు. సీడీలతో మేం ఇవన్నీ చేశాం. ఇంటర్ హాస్టల్లో రోడ్ రాష్ తాకట్టు పెట్టి ఫిజిక్స్ రికార్డు రాయించుకున్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఇచ్చి ప్రాజెక్ట్ ఐజీఐ తెచ్చుకున్నాను. క్రికెట్ 07 తీసుకుని తిరిగివ్వని స్నేహితుడి పెళ్లికి వెళ్లి అక్షింతలు వేశాను గానీ, విస్తరి ముందు కూర్చోలేదు. చేపల పులుసు వాసన వస్తున్నా కూర్చోలేదు. ఆస్తి తగాదా అంటే అట్లా ఉండాలి.

సీడీని పోషించడం కూడా ఒక విద్యే. చదవనని మొండికేస్తే తీసి, చొక్కా అంచుతో తుడిచి, దణ్ణం పెట్టి మళ్లీ పెట్టాలి. అప్పటికీ వినకపోతే టూత్‌పేస్టు. గుండ్రంగా రుద్దకూడదు, మధ్య నుంచి అంచుకి తుడవాలి. ఈ శాస్త్రం తెలిసినవాడికి వీధిలో ఆర్‌ఎంపీ డాక్టరుకున్నంత పేరుండేది. 52ఎక్స్ వేగం సీడీ డ్రైవు తిరగడం మొదలైతే పక్కింటివాళ్లు రైసు మిల్లు ఆడుతోందనుకునేవాళ్లు. ట్రే బిగుసుకుపోతే ముందున్న సన్న బెజ్జంలో జెమ్ క్లిప్పు దూర్చి కాన్పు చేసేవాళ్లం. మేమంతా మెరిసే వైపు గీత పడితే ఏడ్చాం. అసలు ప్రాణం బొమ్మ వైపున, పల్చటి పూత కింద ఉంటుందనీ, అక్కడ లోతుగా గీరుకుంటే ఏ పేస్టూ బతికించలేదనీ చాలా ఆలస్యంగా తెలిసింది. మేము పేర్లు కెలికింది అటువైపే.

ఇక్కడొక నిజం దాస్తే పాపం. మా పట్టాలన్నీ దొంగ పట్టాలే. ట్రంకు రోడ్డు పక్క సందులో తోపుడు బండి మీద యాభైకొకటి. మద్రాసు బర్మా బజారు నుంచి పొద్దున్నే రైల్లో దిగేవని బండాయన గర్వంగా చెప్పేవాడు. వైస్ సిటీని కంపెనీ 2003లో రెండు సీడీల్లో ఇచ్చింది. మా బండాయన దాన్ని ఒక్క సీడీలో సర్దాడు. ఎట్లాగంటే, కారు రేడియోలో పాటలు పీకేసి. అమెరికావాళ్లు బండి నడిపేటప్పుడు పాటలు వినరనీ, అది క్రమశిక్షణ గల సమాజమనీ నేను మూడేళ్లు నమ్మాను. తర్వాత 2012 చివర్లో ఒక పాట హక్కుల చిక్కొచ్చి అదే ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల అంగడిలో అమ్మడం ఆపేశారు. కొన్నాళ్లకి ఆ పాట కోసేసి మళ్లీ పెట్టారు. మా తోపుడు బండి ఆ పని ఎనిమిదేళ్ల ముందే, లాయరు ఖర్చు లేకుండా చేసింది.

ఇంకో ఘోరముంది. దుకాణానికి పోయి, బిల్లు తీసుకుని అసలు సీడీ కొన్న పుణ్యాత్ములూ అప్పట్లో కొందరున్నారు. అట్లాంటి చాలా సీడీలకి సేఫ్‌డిస్క్ అని ఒక తాళం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 ఆ తాళం వల్ల భద్రతకు ముప్పని దాన్ని గడప దాటనివ్వలేదు. అసలు సీడీలు కొత్త కంప్యూటర్ ముందు బిక్కమొహం వేశాయి. క్రాక్‌తో తాళం పగలగొట్టిన దొంగ సీడీలు మాత్రం దర్జాగా ఆడాయి. అసలు పట్టాదారు కోర్టు చుట్టూ తిరుగుతుంటే దొంగ పట్టాదారు పంట కోసుకోవడం మనకి కొత్తా?

మరి వయసొచ్చింది కదా, నేనూ నిజాయితీపరుణ్ణయ్యాను. పోయిన డిసెంబరులో నాలుగు వేలు కట్టి ఒక గేము ‘కొన్నాను’. 180 జీబీ. టౌనులో మా అద్దింటికి కేబుల్ నెట్ లేదు, ఫోన్ డేటాయే దిక్కు, రోజుకి ఒకటిన్నర జీబీ. అంటే 120 రోజులు. నెల్లూరు మసూరి కోతకొచ్చేదీ ఇంచుమించు అన్ని రోజులకే. అక్కడ మా నాయన నారు పోశాడు, ఇక్కడ నేను డౌన్‌లోడ్ పెట్టాను. ఉగాదికి ఆయన చేను కంకి వేసింది. నాది 87 శాతం దగ్గరుండగా అప్‌డేట్ వచ్చింది.

ఈలోగా మా తమ్ముడు, వాడు బీఎల్ చదివాడులెండి, ఒప్పందం చదివి పెట్టాడు. నేను కొన్నది గేము కాదట. ఆడుకోవడానికి అనుమతట. వాళ్లు కావాలంటే వెనక్కి తీసుకోవచ్చట. కాలిఫోర్నియాలో దీని మీద చట్టమే వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఇట్లాంటి డిజిటల్ సరుకు మీద ‘కొనండి’ అని రాస్తే, నువ్వు కొనేది లైసెన్సేనని పక్కనే స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర ‘చెప్పులు పోతే మాది బాధ్యత కాదు’ అని బోర్డు పెడతారే, అదన్నమాట. చెప్పులు పోవడం మాత్రం ఆగదు.

2022 ఏప్రిల్‌లో కందుకూరు జనం ప్రకాశం జిల్లాలో పడుకుని నెల్లూరు జిల్లాలో నిద్ర లేచారు. జిల్లా మారింది గానీ, ఎవరి ఇల్లు వాళ్లకే ఉంది, మంచం వేసిన చోటే ఉంది. గేములకి ఆ భరోసా లేదు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటకి యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న సర్వర్లు, అంటే ఆట నడవడానికి కావాల్సిన తన కంప్యూటర్లు, ఆపేసింది. ఎవరితో పనిలేకుండా ఒక్కడే కారు తోలుకునేవాడికి కూడా బండి కదల్లేదు. ముందుచూపుతో డిస్కు కొనుక్కున్నవాడికీ అదే గతి. ఈ తెగులు ఇప్పటిది కాదు. 2004లో హాఫ్ లైఫ్ 2 అనే ఆట డబ్బా ఇంటికి తెచ్చుకున్నవాళ్లు కూడా స్టీమ్‌లో పేరు నమోదు చేసుకుంటేనే ఆడగలిగారు. చేతిలో పట్టా కాగితం ఉన్నా ఆన్‌లైన్‌లో పేరెక్కకపోతే దండగ అన్న సూత్రం రైతుల కంటే ముందే వాళ్లకి తెలిసొచ్చింది. 2015లో జీటీఏ 5 అనే ఆట ఏడు డీవీడీల్లో వచ్చిందని విన్నప్పుడు మాత్రం ఏడువారాల నగలన్నంత సంబరపడ్డాను. చూడ్డానికే అనుకోండి.

కౌలు రైతుకైనా మన రాష్ట్రంలో 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం ఉంది, పదకొండు నెలలకి. గేములు ఆడేవాళ్లకి అదీ లేదు. కనీసం పదకొండు నెలల కార్డు ఇప్పించమని అర్జీ రాసి ఒక సోమవారం కలెక్టరాఫీసు అర్జీల క్యూలో నిలబడ్డాను. నా వెనకాల గట్టు తగాదా పెద్దాయన అర్జీ మొత్తం చదివి, “సర్వే నంబరెయ్యలేదే?” అన్నాడు.

“సర్వే నంబరు కాదు పెద్దాయనా, దీనికి సర్వరు.”

“అది ఏ మండలంలో ఉండాది?”

చెప్పలేకపోయాను. “హద్దులు తెలియని ఆస్తికి అర్జీ ఎందుకు నైనా, ఇంటికి బో,” అన్నాడు. ఆయన క్యూలో ఒకడుగు ముందుకొచ్చాడు.

నిన్న రాత్రి నాయన ఫోన్ చేశాడు.

“అబ్బయా, ఎడగారు పంటకి పక్కెకరం కౌలుకి తీసుకుంటుండా. సీడీలు చాలవు. నువ్వేందో నాలుగు వేలు పోసి కొన్నావంటనే, అది పంపీ, కడతా.”

సీడీలకెక్కిస్తే అది 258 అవుతుంది. ఎకరం కాదు, ఆ ఆయకట్టు మొత్తం మీద పిట్టన్నది వాలదు. కానీ అది సీడీల్లో లేదనీ, నా ల్యాప్‌టాప్‌లో 87 శాతం మాత్రం ఉందనీ చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు.

“దానికి మధ్యలో బెజ్జం ఉండాదా, తాడు కట్టేదానికి?” అన్నాడు.