‘30 రోజుల్లో గిటార్’ ఫార్వర్డ్‌కి ఒక గిటార్ మాస్టారి జవాబు

పరీక్షలు అయిపోగానే విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈ వేసవిలో దాన్ని నాకే పంపి, ‘‘నిజమేనా మాస్టారూ?’’ అని అడిగినవాళ్లున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘గిటార్ నేర్చుకోవడానికి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు, యూట్యూబ్‌లో అంతా ఉచితంగా ఉంది. ఎన్ని వీడియోలు చూస్తే అంత త్వరగా వస్తుంది. నాలుగు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తే తెలుగు పాటలన్నీ వచ్చినట్టే. తప్పులుంటే యాప్ చెబుతుంది. వేళ్లు నొప్పిపుడితే ఓర్చుకోవాలి. 30 రోజుల్లో ఏ పాటైనా వాయించేస్తారు. పిల్లలకు గిటార్ కొనిచ్చి ఫోన్ చేతికివ్వండి, చాలు.’

నేను విజయవాడ సత్యనారాయణపురంలో గిటార్ నేర్పుతాను. అందుకని వీడియోలంటే నాకు గిట్టదనుకోవద్దు. నా దగ్గరకొచ్చే పిల్లలకు ఏ వీడియో చూడాలో నేనే రాసిస్తాను. ఇంట్లో కూర్చుని వీడియోలతో గిటార్ నేర్చుకోవచ్చు, నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఈ మెసేజ్ నమ్మి మొదలుపెట్టిన పిల్లలు రెండో నెలలో గిటార్‌ని బీరువా మీద పెట్టేసి ‘నాకు సంగీతం రాదు’ అనుకుంటున్నారు. నా బాధ అక్కడ. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

‘అంతా ఉచితంగా ఉంది.’ ఉచితమన్న మాట నిజమే. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన జస్టిన్ శాండర్‌కో 2003లో మొదలుపెట్టిన జస్టిన్ గిటార్ వెబ్‌సైట్‌లో, గిటార్ పట్టుకోవడం దగ్గర్నుంచి మెట్లు మెట్లుగా పాఠాలున్నాయి. వాటికి పైసా కట్టక్కర్లేదు. డబ్బు తీసుకునే చాలా కోర్సులకంటే అవి మేలు. కాబట్టి ఖరీదును బట్టి కోర్సు మంచిచెడ్డలు తేల్చకూడదని నేనూ ఒప్పుకుంటాను.

తేడా వరుసలో ఉంది. యూట్యూబ్‌లో ‘గిటార్ పాఠం’ అని వెతికితే మొదట జి కార్డ్ వస్తుంది. దాని పక్కన చూపించేది నేర్చుకోవాల్సిన తర్వాతి పాఠం కాదు, మీరు నొక్కుతారని ఆ యంత్రం అనుకున్న వీడియో. అది ఒక సోలో కావచ్చు, కొత్త సినిమా పాట కావచ్చు. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక డిగ్రీ కుర్రాడు నా దగ్గరకొచ్చాడు. బోలెడు పాటల ముక్కలు వచ్చు, ప్రతి పాటా పల్లవి దగ్గరే ఆగిపోతుంది. జి నుంచి సికి మారాల్సిన చోట చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఉండిపోతుంది. కార్డు మార్చడం ఒక పాఠమని ఏ వీడియో కూడా అతనికి చెప్పలేదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఏ వీడియో ఆడించకుండా ముందు పాఠాల జాబితా చదవండి. తీగలు శ్రుతి చేయడం, చేతిని ఉంచే తీరు, తేలికైన రెండు కార్డులు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం, తాళం లెక్క, ఆ కార్డులతోనే ఒక పాట. ఇంచుమించు ఈ వరుస కనిపించాలి. చూపుడువేలితో ఆరు తీగలూ అదిమే ఎఫ్ బ్యార్ కార్డ్ మూడో పాఠంలోనే ఉంటే ఆ కోర్సు వదిలేయండి. డబ్బు కట్టే కోర్సయితే మధ్యలోంచి ఒక పాఠం నమూనాగా అడగండి. మొదటి పాఠం ఎవరైనా శ్రద్ధగానే తీస్తారు, పదిహేనో పాఠంలో తెలుస్తుంది అసలు సంగతి. నెలనెలా చందా అయితే గడువు కాగానే దానంతటదే మళ్లీ డబ్బు లాగుతుందా, ఆపాలంటే ఎక్కడ నొక్కాలి అనేవి కట్టకముందే చూసుకోండి.

ఇంట్లోనే నేర్చుకోవడం ఫోన్లతో వచ్చిన పద్ధతి కాదు. అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో హ్యాపీ ట్రామ్, జేన్ ట్రామ్ దంపతులు 1967లోనే హోమ్‌స్పన్ అనే పేరుతో టేపుల మీద పాఠాలు రికార్డు చేసి అమ్మడం మొదలుపెట్టారు. టేపు తెప్పించుకున్నవాడి దగ్గర ఉండేది ఆ ఒక్క టేపే. వెనక్కి తిప్పి తిప్పి అదే వినాలి. ఇవాళ మనకు లేనిది ఆ కట్టుబాటు.

‘ఎన్ని వీడియోలు చూస్తే అంత త్వరగా వస్తుంది.’ దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. చూస్తున్నప్పుడు నేర్చుకునేది కన్ను, వాయించాల్సింది వేళ్లు. పది నిమిషాల పాఠానికి వారం సాధన ఉండాలి. వీడియోని సగం వేగానికో ముప్పావు వేగానికో తగ్గించండి. యూట్యూబ్‌లో అలా తగ్గించినా శ్రుతి మారదు. ఎడమ చేతి వేళ్లు, కుడి చేతి కదలిక రెండూ దగ్గరగా కనిపించే వీడియో ఎంచుకోండి. మాస్టారి ముఖం మాత్రమే బాగా కనిపించే వీడియో వల్ల ఉపయోగం లేదు. చేతులు స్పష్టంగా కనిపిస్తే ఆయన తెలుగులో చెప్పినా, హిందీలో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా పదేళ్లు దాటిన పిల్లలు అందుకుంటారు.

ఇక ‘నాలుగు కార్డులతో తెలుగు పాటలన్నీ’ అనే మాట. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే, కొంచెం వివరంగా చెప్పాలి.

జి, డి, ఇ మైనర్, సి. ఈ నాలుగింటితో నడిచే పాటలు చాలా ఉన్నాయి, మొదలుపెట్టడానికి అవే మంచివి కూడా. కానీ మన సినిమా పాటల వెనక రాగాలున్నాయి. జి ని షడ్జమంగా, అంటే ‘స’గా పెట్టుకుంటే శంకరాభరణం స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేల్‌తో సరిపోతాయి, అందులో శుద్ధ మధ్యమం (‘మ’) సి. అదే కల్యాణిలో పాడే పాటయితే శుద్ధ మధ్యమం బదులు దానికి ఒక మెట్టు పైనుండే ‘ప్రతి మధ్యమం’ వస్తుంది, అంటే సి షార్ప్. గొంతు సి షార్ప్ పట్టుకుని నిలబడినప్పుడు గిటార్ మీద సి కార్డ్ కొడితే రెండూ ఒరుసుకుంటాయి. అక్కడ సి తీసేసి ఎ మేజర్ వేయాలి, ఎందుకంటే సి షార్ప్ దాంట్లోనే ఉంది. దుర్గాపురం ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకునే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాది వాళ్ల చెవే సర్దుకుంటుంది. ‘థియరీ అక్కర్లేదు’ అనే వీడియోలు ఆ పిల్లల దగ్గర ఉన్న సొమ్మును వాళ్లకే తెలియకుండా దాచేస్తున్నాయి. సరళీ స్వరాలు వచ్చిన పిల్లకు సగం థియరీ ముందే వచ్చు.

తాళం సంగతీ అంతే. ఎక్కువ వీడియోల్లో నేర్పే స్ట్రమ్మింగ్, అంటే కుడిచేత్తో తీగల్ని కిందికీ పైకీ మీటే తీరు, ‘డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్’. అది నాలుగు లెక్కకు కుదురుతుంది. మన జానపదాలు, మెలొడీలు చాలావరకు తిశ్ర గతిలో, ‘తకిట తకిట’ అంటూ మూళ్లు మూళ్లుగా నడుస్తాయి. వాటి మీద నాలుగు లెక్క స్ట్రమ్మింగ్ రుద్దితే పాట కుంటుతుంది, పిల్లవాడు తనకు తాళజ్ఞానం లేదనుకుంటాడు. పాట నేర్పే వీడియో అయితే ఇది ఎన్ని లెక్కల పాట అని మొదటి నిమిషంలో చెప్పాలి. చెప్పకపోతే ఇంకో వీడియో వెతుక్కోవచ్చు.

శ్రుతి కూడా. మన ఇళ్లలో అమ్మాయిలు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. ఐదున్నరకు కావాలంటే మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డగీతల గడి) మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే క్లిప్పు, పెట్టి జి ఆకారాలే వేస్తే సరిపోతుంది. కాపో గురించి ఒక్క ముక్క కూడా లేని కోర్సు ఇంట్లో పాడుకునేవాళ్లకు పనికిరాదు. ఇంకో సంగతి. పాత పాటల రికార్డింగులు టేపు వేగం తేడాల వల్ల కొన్నిసార్లు రెండు స్వరాల మధ్యలో ఉంటాయి. గిటార్ ట్యూనర్‌తో సరిగ్గా శ్రుతి చేసుకున్నా ఆ పాటతో కలవదు. అది పిల్లల తప్పు కాదు. ఆ ఒక్క పాట కోసం తీగల్ని చెవితో కాస్త పైకో కిందికో జరుపుకోవాలి.

‘తప్పులుంటే యాప్ చెబుతుంది.’ కొంతవరకు చెబుతుంది. యూసిషన్ లాంటి యాప్‌లు ఫోన్ మైకుతో విని స్వరం సరైనదా, సమయానికి పడిందా అనేది చూపిస్తాయి. మొదటి నెలల్లో పిల్లలకు అది హుషారునిస్తుంది, కాదనను. కానీ యాప్ మణికట్టు చూడలేదు. బొటనవేలు గిటార్ మెడ పైకి ఎక్కి కూర్చుందా, భుజం బిగిసిందా, తీగ ‘జర్రు’మన్నది వేలు ఫ్రెట్‌కి దూరంగా ఉన్నందుకా లేక గిటార్‌లోనే లోపమా, ఇవేవీ దానికి తెలియవు. స్వరం పడితే పచ్చరంగు చూపిస్తుంది. వంకర చేత్తో వాయించినా స్వరం పడుతుంది.

అలాగని గొప్ప గిటారిస్టే మాస్టారిగా దొరకాలని కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని తీగల మీద పలికించేవాడు. గురువు దగ్గర ఉన్నది చెవి. మీ పిల్లవాడికి కావాల్సింది అలాంటి చెవి ఒకటి. కర్ణాటక గాత్రం చెప్పే టీచరమ్మ కావచ్చు, గుణదలలోనో గుంటూరులోనో చర్చిలో ఆదివారాలు గిటార్ వాయించే అన్నయ్య కావచ్చు. వీడియోలతోనే నేర్చుకోండి, కానీ నెలకొకసారైనా అలాంటి మనిషి ముందు వాయించండి. ఆ వీలూ లేకపోతే వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు వినపడని తప్పులు మర్నాడు వినపడతాయి. మన వీడియో పంపితే చూసి జవాబిచ్చే కోర్సులు కొన్ని ఉన్నాయి. డబ్బు పెట్టాలనుకుంటే పాఠాల సంఖ్యకు కాదు, ఆ జవాబుకు పెట్టండి.

‘వేళ్లు నొప్పిపుడితే ఓర్చుకోవాలి.’ వేలి కొనలు మొదట్లో మండుతాయి, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడి తగ్గుతుంది. దానికి ఓర్పు చాలు. మణికట్టులో, మోచేతిలో, బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోకూడదు, ఆపాలి. రెండిటికీ తేడా చెప్పకుండా ‘ఓర్చుకో’ అని పిల్లలకు చెప్పడం నాకు కోపం తెప్పిస్తుంది.

చాలాసార్లు లోపం గిటార్‌లోనే ఉంటుంది. వీడియోలో మాస్టారి చేతిలో ఉన్నది బాగా సెట్ చేసిన గిటార్. మనం తక్కువలో కొన్నదాంట్లో తీగలు మెడకు చాలా ఎత్తులో ఉంటాయి, ఆ ఎత్తునే యాక్షన్ అంటారు. స్టీలు తీగల గిటార్ అయితే 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద చిన్న స్కేలు పెట్టి చూడండి. సందు రెండు రెండున్నర మిల్లీమీటర్లయితే హాయిగా ఉంటుంది. మూడు దాటితే కొత్తవాళ్ల వేళ్లకు శిక్షే. కొన్న షాపులోనే తీగలు ఆనే సాడిల్ పట్టీని అరగదీయించి, మెడ సరిచేయించి, సన్నటి 10 గేజ్ తీగలు వేయించండి. నిన్నటిదాకా పలకని కార్డు ఆ సాయంత్రమే పలుకుతుంది. వానాకాలం తేమకు చెక్క ఉబ్బి తీగలు మళ్లీ పైకి లేస్తాయి. మే నెల ఎండలో కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి, తీగలు బిగించిన బ్రిడ్జి లేచిపోవచ్చు. చలిదేశాల వీడియోలు చెక్క ఎండిపోకుండా తేమ పెట్టమంటాయి. కృష్ణ ఒడ్డున ఉన్న మనకు వానాకాలంలో కావాల్సింది దానికి సరిగ్గా ఎదురు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేసి మూత పెట్టాలి.

‘30 రోజుల్లో ఏ పాటైనా.’ రోజూ ఇరవై నిమిషాలు తప్పకుండా కూర్చుంటే నెలకు మూడు నాలుగు కార్డులు, ఒకటో రెండో తేలిక పాటలు నిదానంగా వస్తాయి. అది చిన్న ఫలితం కాదు. కానీ ‘ఏ పాటైనా’ అని చెప్పినందువల్ల ఆ పిల్లవాడికి తను సాధించింది ఓటమిలా కనిపిస్తుంది. రోజులు లెక్కపెట్టే బదులు జస్టిన్ చెప్పే అభ్యాసం చేయించండి. రెండు కార్డులు తీసుకుని ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. ఆయన పెట్టిన లక్ష్యం నిమిషానికి 60. మొదటి వారం పన్నెండో పదిహేనో వస్తుంది. ఆ అంకె వారం వారం పెరుగుతుంటే కోర్సు సరైనదే. నెలంతా కదలకపోతే కొత్త పాఠం తెరవకండి, ఉన్నదగ్గరే ఆగి సరిచేసుకోండి.

ఆఖరిది, ‘గిటార్ కొనిచ్చి ఫోన్ చేతికివ్వండి’. ఎనిమిదేళ్ల పిల్లకు నిండు సైజు గిటార్ కొంటే కుడి భుజం చెవి దాకా లేస్తుంది, ముప్పావు సైజు కొనాలి. ఫోన్ ఒళ్లో పెట్టుకుంటే మెడ వంగి నడుం పోతుంది. కళ్ల ఎత్తులో స్టాండు మీదో, వీలైతే టీవీలోనో పాఠం పెట్టండి. ఆ పూట పాఠం ముందే డౌన్‌లోడ్ చేసి నెట్ ఆపేస్తే పక్క వీడియోలు లాగవు. మొదటి నెల మీలో ఒకరు పక్కన కూర్చుని ఆ నిమిషం లెక్క మీరే పెట్టండి. దానికి మీకు గిటార్ రానక్కర్లేదు.